ప్రపంచ సువార్త మహాసభకు పాస్టర్ గారిని పంపాల్నా, మందిరానికి రేకులు వేయించాల్నా?

హాలియా తమ్ముడు:

అందరికీ వందనాలు. జర పెద్ద పోస్టే, ఓపిక చేసుకొని చదవండ్రి. మాది హాలియా దగ్గర ఊరు, సాగర్ ఎడమ కాల్వ కింద. సంఘం చిన్నది, అందరు కూలికి పోయేటోళ్ళే, కొందరు మిర్యాలగూడ రైస్ మిల్లులల్ల చేస్తరు. ప్రార్థన మందిరం రేకులు పాతయి, వానొస్తే సరిగ్గ పాస్టర్ గారు నిలబడే తాన్నే కారుతది, కీబోర్డు మీద యూరియా సంచులు కప్పి పాటలు పాడుకుంటున్నం. చాన్నాళ్ళ సంది రేకుల కోసం కానుకలు జమ చేస్తున్నం, ఇప్పుడిప్పుడే ఒక దరికి వచ్చినై.

గిప్పుడు లొల్లి ఏందంటే, మా యూత్ పిల్లలు యూట్యూబ్‌ల 2024ల కొరియాల జరిగిన లోజాన్ మహాసభ వీడియోలు చూసిన్రు, అన్ని దేశాల పాస్టర్లు, బిషప్పులు ఒక్క హాల్ల కూసొని లోకమంతటికి సువార్త ఎట్ల చేరాలె అని ప్లాన్ చేసుడు చూసి మస్తు ఖుషీ అయిన్రు. అంతల్నే మా పాస్టర్ గారికి వాట్సాప్‌ల గట్లాంటిదే ఇంకో ఇన్విటేషన్ వచ్చింది, వేరే దేశంల, సంస్థ పేరు ఇక్కడ రాయను. పీడీఎఫ్ మీద భూగోళం బొమ్మ, దాని మీద సిలువ, కింద బంగారు రంగు సీలు. ముందు రిజిస్ట్రేషన్ పైసలు డాలర్లల్ల కట్టాలె, హోటలు, తిండి వాళ్ళదే అంట. పాస్టర్ గారు తన నోటితోని అడగలే, యూత్ వాళ్ళే రేకుల పైసలు తీసి పంపుదాం, మన ఊరి పేరు అక్కడ వినపడాలె అంటున్నరు. సంఘ పెద్ద ఒకాయన "ఏసీ హాల్ల కూసొని లోకాన్ని రక్షిస్తరా, మన మందిరం కారుతుంటే" అని కస్సుమన్నడు. ఆదివారం ఆరాధన అయినంక గంటసేపు గిదే పంచాయితీ.

నాకైతే రెండు దిక్కుల నిజం ఉన్నట్టే కొడుతుంది. అసలు గీ మహాసభలల్ల ఏం తేలుస్తరు, మనసొంటి పల్లె సంఘానికి దాంతోని ఏమన్న వస్తదా? ఎవరికన్న తెలిస్తే చెప్పండ్రి, మళ్ళ ఆదివారం లోపు నేను ఏదో ఒకటి చెప్పాలె కమిటీల.

నకిరేకల్ ఫ్రాంక్లిన్ అన్న:

తమ్మీ, ముందుగాల ఆ పీడీఎఫ్ సంగతి. పైసలు కట్టకు, కట్టనియ్యకు. లోజాన్ లాంటి సభలకు ఎవరు పడితే వాళ్ళని వాట్సాప్‌ల పిలవరు, ముందు ఎవరో నీ పేరు ప్రతిపాదించాలె, నువ్వు చేసే సేవ ఏందో రాసియ్యాలె, వడపోత ఉంటది, సీట్లు తక్కువ అడిగేటోళ్ళు ఎక్కువ. మనం అడగకముందే పిలిచి, మొదలే డాలర్లు అడిగేది నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు మోసమే. పైసలు పోయే అకౌంటు సంస్థ పేరు మీద ఉన్నదా లేక ఎవరో మనిషి పేరు మీద ఉన్నదా చూడు, మనిషి పేరు మీద ఉంటే ఇంక చదవనే వద్దు. మా దిక్కు ఒక పాస్టర్ గారు గిట్లనే కట్టిండు, కట్టినంక వీసా లెటర్‌కు ఇంకో ఫీజు అన్నరు, తర్వాత ఇన్సూరెన్స్ అన్నరు, ఆఖరికి ఆ నంబరే లేదు. పరువు పోతదని ఆయన ఎవ్వరికీ చెప్పుకోలే, వాళ్ళ సంఘంల సగం మందికి ఇప్పటికీ తెల్వదు.

ఇంకొకటి. గిట్లాంటోళ్ళు "మీరు వచ్చిపోతే మీ మందిరానికి మేమే ఫండ్ ఇస్తం" అని ఆశ పెడ్తరు. ఆ మాట వినంగనే ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం గుర్తుకు రావాలె. ఆ రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండ సంఘం విదేశీ పైస ముట్టొద్దు. 2020ల చట్టం మార్చిన సంది వచ్చే పైస మొదలు ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలకే రావాలె, రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థ కూడ తన తాన ఉన్న విదేశీ పైసని ఇంకో సంస్థకు మళ్ళించొద్దు. అంటే "హైదరాబాద్ సంస్థ ద్వారా మీకు పంపుతం" అనేది గూడ నడవదు. మీ కమిటీ ట్రెజరర్‌కు ఇది చెప్పు, రేపు నోటీసు వస్తే తిరిగేది ఆయనే.

పాలమూరు రిటైర్డ్ మాస్టారు:

వందనాలు బాబూ. మోసం సంగతి ఫ్రాంక్లిన్ చెప్పాడు, నేను నీ అసలు ప్రశ్నకొస్తాను. ఈ మహాసభల వల్ల మనకేం వస్తుంది అంటే, వాటి చరిత్రలో మన తెలంగాణ మనిషి ఒకడున్నాడు, ముందు అది తెలుసుకోండి.

1910 జూన్‌లో స్కాట్లాండ్ ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. ఇప్పుడు మీ పిల్లలు యూట్యూబులో చూసేవాటన్నిటికీ అదే పెద్దన్న. సుమారు 1200 మంది ప్రతినిధులు, దాదాపు అందరూ ఐరోపా, అమెరికా వాళ్ళు, ఆసియా వాళ్ళు ఇరవై మంది లోపే. ఆ కొద్దిమందిలో ఒకాయన వి.ఎస్. అజరయ్య. పుట్టింది తిరునెల్వేలి సీమలో, కానీ అప్పటికి నిజాం రాజ్యంలో డోర్నకల్‌లో ఉండి తెలుగు నేర్చుకుని పల్లెల్లో తిరుగుతున్నాడు. నలభై కూడా నిండలేదు. అంతమంది దొరల ముందు నిలబడి, మీరు మా దేశంలో పనిచేస్తారు గానీ మాతో స్నేహం చేయరు అని మొహం మీదే చెప్పాడు. షేక్‌హ్యాండూ కుర్చీ టీ భోజనం ఇవి ఉత్తినే అడగడం లేదు, స్నేహానికి గుర్తుగా అయితే ఇవన్నీ, ఇంతకన్నా ఎక్కువే అడుగుతున్నాను అన్నాడు. చివర్లో, బీదలకు మీ ఆస్తులిచ్చారు, మీ శరీరాలనే ఇచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితులను ఇవ్వండి అని ముగించాడు. చాలామందికి ఒళ్ళు మండింది. మరో రెండేళ్ళకే, 1912 డిసెంబరులో, డోర్నకల్ మొదటి బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు కూడా ఆయనే. ఆ మహాసభలో పెద్దలు వేసిన ప్లాన్లు 1914 యుద్ధంతో చాలావరకు గాలికి పోయాయి, అజరయ్య మాట మాత్రం నూరేళ్ళు దాటినా ఎక్కడ మిషన్ గురించి మాట్లాడినా వస్తుంది. అందుకే నేనంటాను, ఆ సభలకు ప్లాన్ వినడానికి వెళ్ళేవాడు దండగ, మన ఊరి సంగతి చెప్పగలిగినవాడు వెళితే పని ఉంది.

ఇక లోజాన్. 1974 జులైలో స్విట్జర్లాండ్‌లోని లోజాన్ ఊరిలో అమెరికా సువార్తికుడు బిల్లీ గ్రాహం పిలిస్తే సుమారు 150 దేశాల నుంచి రెండు వేల పైచిలుకు మంది వచ్చారు, ఇంగ్లండ్ పాస్టర్ జాన్ స్టాట్ పెద్దరికంలో ఒక ఒడంబడిక రాశారు, 15 భాగాలు. దాంట్లో అయిదో భాగంలో, ఆత్మల రక్షణ వేరు, బీదవాడి న్యాయం వేరు అన్నట్టు ఇన్నాళ్ళు ఉన్నందుకు పశ్చాత్తాపపడుతున్నాం అని ఉంది. లాటిన్ అమెరికా నుంచి వచ్చిన రెనే పడియా, సామ్యుయేల్ ఎస్కోబార్ గట్టిగా నిలబడితేనే ఆ మాటకు అంత బలం వచ్చింది. తొమ్మిదో భాగం మీ యూత్‌కు చదివి వినిపించు. కొన్ని దేశాల్లో విదేశీ మిషనరీలను, విదేశీ డబ్బును తగ్గిస్తేనే స్థానిక సంఘం తన కాళ్ళ మీద నిలబడుతుంది అని, బాగా ఉన్నవాళ్ళు నిరాడంబరంగా బతకాలని వాళ్ళే రాసుకున్నారు.

ఆ మాటకు మన నల్లగొండే సాక్ష్యం. నల్లగొండలో మిషన్ నిలబెట్టిన ఫ్రీసెన్ దంపతులు అమెరికా వాళ్ళు కారు, రష్యా సామ్రాజ్యం నుంచి, అంటే ఇప్పటి ఉక్రెయిన్ నుంచి వచ్చిన మెనొనైట్ అనే క్రైస్తవ శాఖ కుటుంబాల వాళ్ళు. 1889లో వచ్చి అమెరికన్ బాప్టిస్టు మిషన్‌తో కలిసి పనిచేశారు. యుద్ధం, 1917 విప్లవం వచ్చేసరికి రష్యా నుంచి డబ్బు బంద్. సంఘాలు బంద్ అయ్యాయా? లేదు. ఎందుకంటే ఊరూరా తిరిగింది దొరలు కాదు, మాదిగవాడల నుంచి వచ్చిన మన బోధకులు, బైబిల్ స్త్రీలు. మిషన్ రిపోర్టుల్లో వాళ్ళకు పేరు కూడా లేకుండా "నేటివ్ ప్రీచర్", అంటే దేశీ బోధకుడు అని ఒక ముక్క, అంతే.

జడ్చర్ల రాఘవ:

నేను క్రిస్టియన్ని కాదు, మా పక్కింటోళ్ళు ఎం.బి. (మెనొనైట్ బ్రెదరెన్) చర్చి, చిన్నప్పటి నుంచి క్రిస్మస్‌కు వాళ్ళింట్ల అరిసెలు తిన్నోణ్ణే, కాబట్టి గొడవకు రాలేదు. కానీ ఒకటి అడగాలి. ఈ సభలల్ల మన దేశాన్ని మ్యాపుల మీద రంగులేసి చూపిస్తరంట కదా, ఫలానా కులం ఇంత శాతం, ఫలానా కులానికి ఇంకా "చేరలేదు" అని, ఏదో 10/40 కిటికీ అంట. మా ఇంటిని ఎవరో ఎక్కడో హాల్ల కూసొని టార్గెట్ లిస్టుల పెడితే మాకెట్లుంటది? ఇంకోటి, కరువు వచ్చినప్పుడు బియ్యం ఇచ్చి కలుపుకున్నరు అని మా దిక్కు అంటరు. దానికి మీ సమాధానం ఏంది?

పాలమూరు రిటైర్డ్ మాస్టారు:

రాఘవ గారూ, అడిగిన పద్ధతి బాగుంది. మొదటిదానికి నేను మీవైపే. 1974లోనే రాల్ఫ్ వింటర్ అనే ఆయన, దేశాలు లెక్కపెట్టడం కాదు, పొరుగున ఎవరూ చెప్పేవాళ్ళు లేని జనసముదాయాలను చూడండి అన్నాడు, అప్పట్నుంచి ఈ లిస్టులు మొదలు. 10/40 కిటికీ అనే ఆలోచన 1989లో మనీలాలో జరిగిన రెండో లోజాన్ సభ దగ్గర లూయిస్ బుష్ అనే మిషన్ నాయకుడు తెచ్చాడు, పశ్చిమ ఆఫ్రికా నుంచి తూర్పు ఆసియా దాకా 10, 40 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య పట్టీ. పని పంచుకోవడానికి మ్యాపు వేసుకోవచ్చు, కానీ టార్గెట్, దళం, ఆక్రమణ, ఈ మిలిటరీ భాష మనుషుల గురించి వాడటం నాకూ నచ్చదు, మా చర్చిలో ఎవరైనా వాడితే నేను ఆపుతాను.

రెండోదానికి మాత్రం ఒప్పుకోను. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ, బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు పట్టి జనానికి కూలి ఇప్పించాడు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని కరువు ఉన్నంతకాలం బాప్తిస్మాలే ఆపేశాడు. సాయం పంచడం అయిపోయాక, 1878 జులై 3న, ఒక్కరోజులో 2222 మందికి ఇచ్చారు. కరువులో చేసిన మేలు గుర్తుండి వచ్చారా అంటే ఉండొచ్చు, మనిషి మనసు అంత తేలిగ్గా వేరు చేయగలమా? కానీ అంతకు పదేళ్ళ ముందు నుంచే తోలు వ్యాపారం చేసుకునే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దాయన తన బంధువుల ఊళ్ళన్నీ తిరిగి చెప్పాడు. బియ్యం మూట ఎత్తుకుని కాదు.

మన పాలమూరు సంగతి ఇంకొకటి. పాల్ హీబర్ట్ అని, శంషాబాద్‌లో 1932లో పుట్టిన మిషనరీల పిల్లగాడు, తర్వాత పెద్ద మానవశాస్త్రవేత్త అయ్యాడు, మహబూబ్‌నగర్ జిల్లాలోని కొండూరు అనే ఊరి మీద పుస్తకమే రాశాడు. ముచ్చింతల అనే ఇంకో ఊళ్ళో మశూచి వస్తే మైసమ్మకు దున్నపోతును కోయడానికి ఇంటింటికీ చందా వేశారు, క్రైస్తవులు ఇవ్వకపోతే ఊరంతా కోపం మీదుంది, ఇంతలో ఒక క్రైస్తవ పిల్లకు మశూచి సోకింది, అక్కడి సంఘ పెద్ద హీబర్ట్ పాఠం చెప్పే శంషాబాద్ బైబిల్ స్కూలుకు నడిచొచ్చి ఆ పిల్ల కోసం ప్రార్థన చేయమని అడిగితే తన దగ్గర సరైన జవాబు లేకపోయిందని హీబర్టే చెప్పుకున్నాడు. పైన దేవుడి సంగతి తెలుసు, కింద సైన్సు తెలుసు, మధ్యలో దిష్టి, చేతబడి, అమ్మవారి భయం, వీటి గురించి పాశ్చాత్య చదువులో ఏమీ లేదని 1982లో రాశాడు. ప్రపంచమంతా మిషన్ పాఠాల్లో అది చదువుతారు. ఆ పాఠం నేర్పింది మన పల్లె మనిషి అడిగిన ప్రార్థన.

ఇంచియాన్‌ల మిర్యాలగూడ అక్క:

తమ్ముడూ నేను కొరియాల ఇంచియాన్‌ల సాంగ్డోలో ఉంటా, పోస్ట్‌డాక్ చేస్తున్నా, మీ పిల్లలు చూసిన ఆ లోజాన్ సభకు మా కొరియన్ చర్చి వాళ్ళు వాలంటీర్లుగా పోతే వాళ్ళతో నేనూ పోయిన. 2024 సెప్టెంబర్ 22 నుంచి 28 దాకా, కన్వెన్సియా హాల్‌లో, ఐదు వేల మందికి పైనే, 200 పైచిలుకు దేశాల వాళ్ళు. హాలంతా గుండ్రటి టేబుళ్ళు, ఒక్కో టేబుల్‌కు వేరు వేరు దేశాల వాళ్ళు, పొద్దున్నే బైబిల్ చదివి మాట్లాడుకోవాలి. స్టేజీ మీద ప్రసంగాలు కొన్ని బాగున్నయ్, కొన్ని బోర్ నిజం చెప్పాలంటే. అసలు కథ టేబుళ్ళ దగ్గర. ఒక ఆఫ్రికా పాస్టర్ గారు, మాస్క్ పెట్టుకుని పేరు రాయకుండా కూర్చున్న ఒకామె, పక్కన ఖరీదైన సూటు వేసుకున్న కంపెనీ పెద్దమనిషి, ముగ్గురూ కలిసి ఒక్క ఫోన్‌ల ట్రాన్స్‌లేషన్ పెట్టుకుని ప్రార్థన చేస్తుంటే నేను వాటర్ బాటిళ్ళు పెట్టేది మరిచిపోయి నిలబడ్డ.

గొడవలు కూడా అయినయ్, యూట్యూబ్‌ల అవి కట్ చేస్తరు కదా. సియోల్ ప్రకటన అని 97 పేరాల పత్రం మొదటిరోజే విడుదల చేసేశారు, రాసిన కమిటీకి శ్రీలంక ఆయన ఐవర్ పూబాలన్, ఆఫ్రికా నుంచి విక్టర్ నాకా పెద్దలు, బాగనే రాసిన్రు, కానీ చర్చించకముందే అచ్చేస్తే ఇక మేమెందుకొచ్చినం అని చాలామంది అడిగిన్రు, మార్చాలని సంతకాలు కూడా పెట్టిన్రు. ఇంకోటి రూత్ పడియా డిబోర్స్ట్ న్యాయం గురించి మాట్లాడుతూ పాలస్తీనా జనం బాధ ఎత్తితే, కొందరు నొచ్చుకున్నరని సభ డైరెక్టర్ క్షమాపణ మెయిల్ పంపిండు, దానికి ఇంకా చాలామంది నొచ్చుకున్నరు. మాస్టారు చెప్పిన రెనే పడియా కూతురే ఆమె. యాభై ఏండ్ల తర్వాత తండ్రి పంచాయితీనే బిడ్డ మోస్తుంది.

పల్లె పాస్టర్లు ఎంతమంది కనపడిన్రు అంటే, చాన తక్కువ. ఇంగ్లీష్ రావాలి, పాస్‌పోర్ట్ ఉండాలి, లీవ్ పెట్టగలగాలి. చైనా వాళ్ళకైతే అంతకన్నా కష్టం, 2010ల కేప్‌టౌన్‌కు పిలిచిన రెండు వందల మందికి పైగా చైనా విశ్వాసుల్ని ఎయిర్‌పోర్టులల్లనే ఆపేసిన్రు.

వనపర్తి సునీత:

అందరూ మంచిగ చెప్పిన్రు, నాకు మాత్రం ఒక కడుపుమంట ఉంది, రాస్తా. ప్రపంచ సువార్త అంటరు, మా కాలనీల మాల చర్చి వేరు, మాదిగ చర్చి వేరు, సమాధులు వేరు, పిల్లల సంబంధాలు అయితే అడగకండ్రి. ఒక కులంవాళ్ళు ఒక సంఘంగ ఉంటే సువార్త జల్ది పాకుతది అని మెక్‌గావ్రన్ సిద్ధాంతం ఉంది కదా మాస్టారూ, మధ్యప్రదేశ్‌ల పుట్టిన అమెరికా మిషనరీ, ఆ సిద్ధాంతానికి ఫలితం మేమే. జల్ది పాకింది, నిజమే. పాకి గోడ కట్టుకుంది. ఇంకో దిక్కు 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ కాదు, మన దగ్గర బీసీ-సీ, అంటే ఒక్క శాతం రిజర్వేషన్. ఊళ్ళోళ్ళకు మాత్రం మేం ఎప్పటికీ పాత కులమే. మా తమ్ముడు సర్టిఫికెట్ కోసం మండలాఫీసుల నిలబడితే క్లర్క్ "ఆదివారం ఏడికి పోతవు" అని అడిగిండు. ఆ ప్రశ్నకు ఆ మహాసభలల్ల ఏ టేబుల్ దగ్గరన్న జవాబు ఉందా అక్కా?

ఇంచియాన్‌ల మిర్యాలగూడ అక్క:

సునీతా, రిజర్వేషన్ గురించి నేనున్న చోట ఎవరూ ఎత్తలే, అబద్ధం ఎందుకు. కులం గురించి నాకు తెలిసిన ఒక లైను ఉంది, అది 2010 కేప్‌టౌన్ లోజాన్ సభ పత్రంల. బానిసత్వం, యూదుల ఊచకోత, జాతివివక్ష, ఇట్ల క్రైస్తవులు చేతులు కలిపిన పాపాల లిస్టు రాసి సిగ్గుపడుతున్నం అన్నరు, ఆ లిస్టుల కుల అణచివేత కూడా ఉంది. ఒక్క మాటే. కానీ మీ పాస్టరేట్ కమిటీ ముందు పెట్టి, ఇగో ప్రపంచ పెద్దలు ఒప్పుకున్నరు, మరి మన సమాధుల గోడ సంగతి ఏంది అని అడగొచ్చు. నేనైతే అడుగుత.

వనపర్తి సునీత:

అడుగుత. గోడ కట్టించిన ఆయనే కమిటీల సెక్రటరీ, చూద్దాం ఏమంటడో.

హాలియా తమ్ముడు:

అందరికి చాన థ్యాంక్స్, ఇంత చెప్తరని అనుకోలే. ఫ్రాంక్లిన్ అన్న చెప్పినట్టు ఆ నంబరుకు ఫోన్ చేసి మీ సంస్థ అకౌంట్ పేరేంది అని అడిగిన, పాస్టర్ గారి మీద విశ్వాసం లేదా అని నన్నే దబాయించి పెట్టేసిండు. ఆ ముచ్చట పాస్టర్ గారికి చెప్తే నవ్వి, నాకు పాస్‌పోర్టే లేదు కదరా, మీరే ఉరుకులాడుతున్నరు అన్నడు. తొమ్మిదో భాగం సంగతి పెద్దమనిషికి చెప్పిన, ఏసీ హాల్ల కూసున్నోళ్ళు గట్ల రాసిన్రా అని రెండుసార్లు అడిగిండు. మాస్టారూ, ఒక మాట అడుగుత. మా యూత్ వాళ్ళు ఊకుంటలేరు, నల్లగొండ దిక్కు మొదటి బోధకుల పేర్లు ఎక్కడన్న దొరుకుతయా? మా తాత వాళ్ళ నాయిన ఎడ్లబండి కట్టుకొని చెప్పుకుంట తిరిగేటోడని మా నాయినమ్మ అంటది, పేరు మాత్రం రెండు తీర్ల చెప్తది.

పాలమూరు రిటైర్డ్ మాస్టారు:

దొరుకుతాయి బాబూ, అన్నీ కాదు. పాత సంఘాల బాప్తిస్మ రిజిస్టర్లలో ఇంటిపేరు, ఊరు, ఇచ్చినవాడి పేరు రాసేవాళ్ళు, చెదలు పట్టకపోతే మీ పాస్టరేట్ బీరువాలోనే ఉండొచ్చు. బాప్తిస్మం ముందు ఒక పేరు, తర్వాత ఒక పేరు ఉండేది, అందుకే మీ నాయనమ్మ రెండు చెబుతోంది, రెండూ రాసుకో. మీ యూత్‌ని ఫోన్లు పట్టుకుని రమ్మను, పేజీ పేజీ ఫొటో తీయాలి, ఎండలో పెట్టి తీయొద్దు, కాగితం పెళుసుగా ఉంటుంది. నేను వచ్చే నెల మొదటివారంలో దేవరకొండ వస్తున్నా, హాలియా ఎంత దూరం, కబురు చేస్తే వస్తాను.